ఎడమకి తోసిన బ్యాలెన్సు

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. నోటికన్నా చెయ్యి ముందు లేచేది. ఎక్కువ దెబ్బలు తిన్నది మా తమ్ముడే.

ఇద్దరికీ ఒకటే ఫోను, ఒకటే ఇయర్‌ఫోన్లు. శ్రీకాకుళం బస్టాండు దగ్గర బండి మీద కొన్న చవకరకం. పెట్టుకుంటే డప్పు మోతే తప్ప పాట వినపడేది కాదు. పట్టుబట్టి, ఫోన్లో మోతని సరిచేసే ఈక్వలైజర్‌ గీతలతో కుస్తీ పట్టాను. బేస్ గీతని బాగా దించి, గొంతు పలికే మధ్య గీతల్ని పిసరంత లేపితే, అదే ఇయర్‌ఫోన్లలో పాడేవాడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. లోకాన్ని గెలిచినంత సంబరపడ్డాను.

వారం తిరక్కుండా, నౌపడ స్టేషన్లో రైలెక్కే తొందరలో తమ్ముడు ఆ వైరుని సంచికి తగిలించుకుని లాగేశాడు. తెగలేదు. అయినా అగ్గి మీద గుగ్గిలమయ్యాను. అందరి ముందూ ఈడ్చి చెంప మీద కొట్టాను. వాడు ఎడమ చెవి పట్టుకుని కూలబడ్డాడు. వాడి వేళ్లకి నెత్తురు చుక్క అంటింది.

"నాటకాలాడకురా, లెగు" అన్నాను.

అప్పట్నుంచి ఫోను ఎప్పుడు తీసినా నా సెట్టింగ్ పాడై ఉండేది. గీతలన్నీ పైకంటా తోసేసి, బ్యాలెన్సు పూర్తిగా ఎడమకి జరిపేసి. పెట్టుకుంటే కుడివైపు చడీచప్పుడు లేదు, ఎడమవైపు రేకు డబ్బా మీద మేకుతో గీసినట్టు రొద.

"ముట్టుకోవద్దంటే ఇనవేట్రా? సెవిటోడి ముందు శంకం ఊదినట్టుంది నీకు సెప్పడం!"

చెప్పుతో కొట్టాను. ఒకసారి తల గోడకేసి బాదాను. చేపలు కోస్తున్న అమ్మ ఆ చేతులతోనే వచ్చి నన్ను లాగింది. "సంపేస్తావేట్రా ఆడ్ని!" ఎంత కొట్టినా వాడు ఏడ్చేవాడు కాదు. రెండు చేతులతో కుడి చెవి ఒక్కటే మూసుకునేవాడు. అది చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది.

ఓ మధ్యాహ్నం ఫోనుతో పెరట్లో దొరికాడు. మెడ పట్టి గోడకి అదిమాను.

"ఏటిరా నీ బాద? రోజూ ఎడం పక్కకి ఎందుకు తోస్తన్నావు?"

"ఆ సెవి ఇనబడ్డం నేదన్నా. నౌపడలో నువ్వు కొట్టినకాడ్నుంచి. రోజూ పెట్టి సూసుకుంటన్నాను, వస్తాదేమోనని."

మెడ మీది నా చెయ్యి దానంతటదే జారిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఎడమ చెవిని ఒక్కసారి నిమురుదామని చెయ్యెత్తాను.

వాడు రెండు చేతులతో కుడి చెవి మూసుకున్నాడు.