గిటారు ఆపిన మా చిన్నాయిన

నా చిన్నప్పుడు ఆలేరులో మా ఇంట్ల రెండు చప్పుళ్లు పొద్దందాక ఆగకపోయేవి. ఒకటి మా తాత మగ్గం, రెండోది నా నోరు. అయిదో తరగతిలనే బడి మాని మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూసున్న. బడికి నష్టమేం కాలేదు, పంతులు చెవులకు జర సుఖమైంది.

మా ఇంట్ల ఒక కట్టుబాటు ఉండె. మగ్గం మీద పోగు తెగితే, తాత అతికేదాకా ఎవరూ పలకొద్దు. చప్పుడైతే చూపు చెదిరి తెగిన కొస దొరకదనేటోడు. నాకది జైలు లెక్క.

మా చిన్నాయిన మీసం మొలవకముందే మగ్గం గుంతల నుంచి లేచి సికింద్రాబాద్ రైలెక్కిండు. అక్కడ ఒక రైల్వే గార్డు దగ్గర గిటారు నేర్చి, బొంబాయి పోయి, పెద్ద హోటళ్లల జాజ్ వాయించే బ్యాండుల చేరిండు. కొన్నేండ్లు కలకత్తా, కొన్నేండ్లు ఓడల మీద. ఎవరో బుక్కెడు మింగుతాంటే తీగెలు గోకే పనికి మగ్గం ఇడిచిండని తాత ఆయనతోని మాట బంద్ పెట్టిండు. చిన్నాయిన ఎప్పుడొచ్చినా గడపల కూసొని, అవ్వ పెట్టింది తిని పోయేటోడు.

ఒకసారి గిటారుతోని వచ్చిండు. మళ్లా ఓడెక్కే ముందర తన నాయిన తనతోని ఒక్క మాట మాట్లాడితే చాలని అవ్వతోని అన్నడు. పోయి మగ్గం ఎదురుంగ కూసొని వాయించుడు మొదలుపెట్టిండు. మగ్గం దెబ్బ మీద కాదు, దెబ్బకూ దెబ్బకూ నడుమ. తాత కోపానికొచ్చి జోరు పెంచితే గిటారు గూడ ఉరికింది. ఉన్నట్టుండి నెమ్మదిస్తే కుంటుకుంట ఎనక నడిచింది. తాతా, జతగాడు దొరికిండు, ఇగ పెండ్లిబ్యాండు పెట్టుకోమని నేను ఎక్కిరిచ్చిన. తాత నవ్వలే.

గంతల పోగు తెగింది. ఇంకో మాట విసరబోయి చూస్తే, చిన్నాయిన అరచెయ్యి తీగెల మీద పడుకొని ఉంది. పాట మంచి ఊపు మీదుండె, ఎవరికీ ఆపబుద్ధి కాని జాగాల ఆపిండు. ఊపిరి గూడ మెల్లగ తీస్తున్నడు. నా మాట నోట్లనే ఉండిపోయింది.

తాత పోగు అతికిండు. అతికినంక గూడ మగ్గం తొక్కలే. కొడుకు చేతి దిక్కు చూసిండు.

"ఆడ గూడ గిట్లనే ఆగుతవా?"

"ఆగాలె నాయినా. పక్కోడు తన పాట ఎతుక్కుంటాంటే మనం జాగా ఇయ్యాలె. గది ఈడ్నే, నీ మగ్గం కాడ నేర్చిన."

తాత మళ్లా మగ్గం మీదికి వంగిండు. "ఊ, కానియ్" అన్నడు. ఆ పూట అవ్వ ఇద్దరి కంచాలు పక్కపక్కన పెట్టింది.

తెలంగాణ వచ్చిన యేడు చిన్నాయిన పోయిండు. ముసలితనంల వేళ్లు వంగకున్నా, గిటారు ఒళ్లె పెట్టుకొని కూసునేటోడు.

నాకు ఈ వయసుల గూడ నోరు తగ్గలే. చావింట్ల గూడ నలుగురిని నవ్విస్తనని పేరుంది. కానీ ఎదుటి మనిషి నడుమల ఆగిపోతే మాత్రం ఆ ఖాళీల నేను చొరబడను. మొన్న చిన్నాయిన పెండ్లాం, మా చిన్నమ్మ వచ్చింది. "ఓడ దిగిన పొద్దు మీ చిన్నాయిన నాకు..." అని మొదలుపెట్టి, అక్కడ్నే ఆగింది. నా దగ్గర మంచి ముచ్చట తయారుగుండె. ఊకున్న. జరసేపటికి ఆమెనే కండ్లు తుడుచుకొని, నవ్వుకుంట, ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పనిది చెప్పింది.