ఆండ్రూ మాస్టారి అమెరికా యుద్ధం

ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో టైమ్‌కీపర్‌గా చేసే ఆండ్రూది బందరు. ఆ ఊళ్ళో కొన్నాళ్ళు చరిత్ర పాఠాలు చెప్పాడు గనక క్యాంప్‌లో అందరికీ మాస్టారే. మేనేజరు ఎదురైతే గోడకి ఒదిగిపోయి, తప్పేమీ లేకపోయినా "సారీ సార్" అంటాడు. అదే మనిషి డ్యూటీ బస్సులో అమెరికా కథ ఎత్తుకుంటే సీట్లో కూర్చోలేడు. "ఇంగ్లండు రాజు మూడో జార్జి అమెరికావాళ్ళనొక్క మాట అడక్కుండా కాగితాల మీద పన్నేశాడు, ఆ తర్వాత తేయాకు మీద! వాళ్ళు అర్జీలు పెట్టుకున్నారు, సరుకు కొనడం మానేశారు, తేయాకు పెట్టెలు సముద్రంలో పారేశారు. రాజు సైన్యాన్ని దింపాడు. అప్పుడు రైతులు తుపాకులు పట్టారు!" అంటూ ఫ్లాస్కుని భుజానికి ఆనించి గురిపెడతాడు.

ఒక నెల కంపెనీ, మెస్‌లో చాయ్‌కని జీతాల్లో కోత పెట్టింది. "మనల్ని అడిగిండ్రా సారూ?" అన్నాడు జగిత్యాల జలంధర్. మర్నాటి నుంచి బస్సులోవాళ్ళెవరూ చాయ్ ముట్టలేదు. మాస్టారికి చాయ్ లేక తలనొప్పి, భయంతో చెమటలు. చివరికి మేనేజరు బస్సెక్కి, "దీన్నెవడు మొదలుపెట్టాడు?" అని గద్దించాడు. అందరి చూపులూ తనమీదే పడేసరికి ఆండ్రూ లేచాడు.

"జార్జి, సార్."

ఏ జార్జో బస్సంతటికీ తెలుసు, మేనేజరుకే తెలియదు. క్యాంప్‌లో ఉన్న కేరళ జార్జిలందరినీ పిలిపించి నిలదీశాడు. చేయని తప్పుకి మాటలు పడ్డ కోపంతో వాళ్ళూ, వాళ్ళ స్నేహితులూ చాయ్ మానేశారు. మెస్ ఖాళీ అయింది. కోత ఎత్తేశారు.

"తుపాకుల దాక రాకపాయె గద సారూ!" అని జలంధర్ నిట్టూర్చాడు.

"నీకు దణ్ణం పెడతాను, చాయ్ తాగు నాయనా," అన్నాడు ఆండ్రూ.