పేరు చెప్పని ప్రార్థన విన్నపం

మొన్న శనివారం పొద్దున జొన్నరొట్టె తడుతుంటే మా సంఘం స్త్రీల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. చేతులకు పిండి ఉంది కాబట్టి గట్టు మీదున్న ఫోను దగ్గరికి వంగి చదివాను. ‘అత్యవసర ప్రార్థన విన్నపం. జమ్మలమడుగులో ఎంతోమందికి ఆత్మీయ తల్లిగా ఉన్న పెద్దమ్మగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడి చెయ్యి ఆడడం లేదు. ముక్కులో గొట్టం వేశారు. నాలుగు రోజులుగా విరేచనం కాలేదు. దయచేసి ప్రార్థించండి.’ కింద అప్పటికే ఇరవై ముప్ఫై దండాల బొమ్మలు పడ్డాయి. ఒక మనిషి కడుపు సంగతి ఇంతమందికి చెబితే తప్ప దేవుడికి తెలియదా అనిపించింది. ఆ వెంటనే, దాచడం ఎందుకు, తగిన శాస్తి జరిగిందని కూడా అనిపించింది. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చేదాకా ఆ తలపును వదల్లేదు.

ఆమె మా అమ్మకు దూరపు అక్క, నాకు పెద్దమ్మ వరస. బైబిలు స్త్రీగా ముప్ఫై ఏళ్లు ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగి ఇంటింటా వాక్యం చెప్పి, మోకాళ్లు అరిగాక జమ్మలమడుగులో కొడుకు దగ్గర చేరింది. మా సంఘంలో ప్రార్థన అంటే మైకు. దేవుడికి చెవుడేమో అన్నంత గట్టిగా చేస్తేనే చేసినట్టు. పెద్దమ్మ మాత్రం ఎక్కడో ధ్యాన కూటంలో పది రోజులు నోరు విప్పకుండా కూర్చుని, వేరే రకం ప్రార్థన నేర్చుకుని వచ్చింది. నేను ప్రొద్దుటూరులో టీచరుగా చేస్తున్న రోజుల్లో, శనివారం మధ్యాహ్నం బడి వదలగానే బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని. వరండాలో చాప మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ ఉండేది. వచ్చినవాళ్ల ముందుకు కూడా ఒక చేట తోసేది. సగం చేట ఒలిచాక గాని నోరు తెరిచేది కాదు. తెరిచినా ఒకటే ప్రశ్న. “ఈ వారం దేవుడు నీకు యాడ కనపన్న్యాడు? యాడ కనపల్లేదు?” నేను చెప్పేది విని మళ్లీ మౌనంలోకి వెళ్లిపోయేది. నిద్రపోయిందేమోనని అనుమానంగా చూస్తే వేళ్లు మాత్రం ఒలుస్తూనే ఉండేవి. ఆ ఒలిచిన శనగ విత్తనాలు వాళ్లింట్లో ఏడాది పొడవునా సరిపోయేవని నా గట్టి నమ్మకం.

పొద్దున మోకరించడానికి నాకు తీరిక లేదన్నాను ఒకసారి. “రొట్టె తట్టేదానికి తీరిక ఉండాది గదా” అంది. “ఊపిరి పీల్చేటప్పుడు యేసయ్యా అను. ఇడిసేటప్పుడు కరుణించు అను. నోటితో గాదు, లోపల. రొట్టెలైపోయేలోగా ప్రార్థనా అయిపోతాది.” మొదటి వారం నా ధ్యాస ఊపిరి మీదే ఉండి రొట్టెలు అట్ట ముక్కల్లా వచ్చాయి. “ఈ మధ్య రొట్టె నమల్లేకపోతాండా, ఏంది కత” అన్నాడు మా ఆయన. తర్వాత చెయ్యీ ఊపిరీ ఒకదానికొకటి అలవాటు పడ్డాయి. ఆ వంటింటి పావుగంటలో నాకు దొరికిన నెమ్మది అంతకు ముందు ఏ గుడిలోనూ దొరకలేదు. అది ఆమె పెట్టిన భిక్షే. ఆ మాట ఇప్పటికీ కాదనలేను.

కొండాపురం దగ్గరి వాళ్ల ఊరు రిజర్వాయరు నీళ్లలో మునిగిపోయే ముందు, పాత ఇంటి తలుపులు ఊడదీసుకుని తెచ్చుకున్న వారంలో పెద్దమ్మ నాకొక మాట చెప్పింది. ఆ ఇంటికి సంబంధించిన మాట, కొడుక్కి కూడా తెలియనిది. “నీ కడుపులో పెట్టుకో” అంది. పెట్టుకున్నాను.

నా మాట నేను చెప్పుకున్నది ఆ తర్వాతే. మా అత్త రెండేళ్లు మంచంలో ఉంది. బడికి పోయే ముందు ఆమెను కడిగి, పక్కకు తిప్పి, నోట్లో గంజి పోసి వెళ్లేదాన్ని. వీపున పుండ్లు పడ్డాక తిప్పినప్పుడల్లా మూలిగేది. ఒకనాటి పొద్దున ఆ మూలుగు వింటూ, ‘ఈమెను తీసుకుపో ప్రభువా’ అనుకున్నాను. ఆమె కోసం అనుకున్నానో, నా నడుం నొప్పి కోసం అనుకున్నానో నాకే తెలియదు. రోజూ అదే అనుకున్నాను. నెల తిరక్కముందే పోయింది. సమాధి దగ్గర అందరూ కోడలంటే నువ్వే అని మెచ్చుకుంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పెద్దమ్మ శనక్కాయలు పక్కకు పెట్టి విన్న మాట అదొక్కటే. “అడిగినావు, ఆయన ఇన్న్యాడు. ఇంగ దాన్ని ఆయన దగ్గరే ఇడిసిపెట్టు” అంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

నాలుగు నెలల తర్వాత పులివెందులలో స్త్రీల కూడిక జరిగింది. మా ఆడబిడ్డ ఉండేది ఆ ఊళ్లోనే, వాళ్లాయనకు తుమ్మలపల్లె గనిలో పని. నాకంటే మూడేళ్లు చిన్నది. నాకు అక్కచెల్లెళ్లు లేని లోటు తీర్చిన మనిషి. తనే నన్ను రమ్మని పిలిచింది. ఇద్దరం ఒకే చాప మీద, తన చెయ్యి నా మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాం. వాక్య ప్రసంగం అయ్యాక విన్నపాల వేళ, ముందు వరసలో ఉన్న పెద్దమ్మ లేచి మైకు అందుకుంది. జీవితమంతా మైకును తప్పించుకున్న మనిషి, ఆ రోజే ఎందుకు పట్టుకుందో.

“ప్రొద్దుటూర్లో ఒక టీచరమ్మ ఉండాది. పేరు సెప్పను. అత్త రెండేండ్లు మంచంలో ఉంటే సచ్చిపోవాలని దేవున్ని అడిగింది. ఇప్పుడు మనసులో శానా నలిగిపోతాంది. ఆ బిడ్డ కోసరం అందరం ప్రార్థన సేద్దాం.”

మా వాళ్లలో ఇదొక పద్ధతి. ఎదుటివాళ్ల గుట్టును పేరు తీసేసి విన్నపంగా చెబితే అది చాడీ కిందికి రాదు. పేరు లేకపోయినా ఊరు, ఉద్యోగం, మంచం పట్టిన అత్త అన్నీ ఉంటాయి. దాదాపు రెండు వందల మంది తలలు వంచి నాకోసం ప్రార్థించారు. చివర్లో అలవాటు కొద్దీ నేనూ ఆమెన్ అన్నాను. కళ్లు తెరిచేసరికి నా మోకాలి మీద చెయ్యి లేదు.

బస్టాండు దాకా ఆడబిడ్డ నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి వచ్చి, “మా అమ్మ సావాలని మొక్కుకున్న్యావా వదినా?” అంది. లేదని అబద్ధం చెప్పలేకపోయాను. అవునన్నాక చెప్పాల్సినవి చాలా ఉన్నాయి గాని బస్సు కదిలిపోయింది. ఆ తర్వాత తను మా గడప తొక్కలేదు. పెండ్లిండ్లలో ఎదురుపడితే “బాగుండావా” అంటుంది. వదినా అనదు. నా మనసు విరిగింది అక్కడే.

ఆ శనివారం జమ్మలమడుగు వెళ్లి అడిగాను. పెద్దమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. “పేరు సెప్పలేదు గదమ్మా. నీ కోసరం ప్రార్థన సేపిచ్చినా గానీ, ఇంగేం సేసినా?” అంది. చేట నా ముందుకు తోసింది. నేను ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. ఆమె మాట ఒకటి నా కడుపులో ఉందని బస్సులో గుర్తొచ్చింది. ఆమె సంఘంలోనే, మైకులో, పేరు చెప్పకుండా ఎలా చెప్పాలో ఒక్కో వాక్యం కూర్చుకున్నాను. ఎన్నో ఆదివారాలు ఆ వాక్యాలు నాలుక చివరిదాకా వచ్చాయి. చెప్పలేదు. మంచితనం వల్ల అనుకోకండి. ఆమెకంటే నేను మెరుగని నాకు నేనైనా నిరూపించుకోవాలని పంతం. పన్నెండేళ్లయింది.

రొట్టె మాడిన ఆ రోజే మధ్యాహ్నం బస్సెక్కాను. క్షమాపణ దొరుకుతుందేమోనని వెళ్లాను. మాట లేకపోతే పోయె, ఒక కన్నీటి చుక్కయినా చాలనుకున్నాను. కొడుకూ కోడలూ మంచం పక్కనే ఉన్నారు. నన్ను చూడగానే పెద్దమ్మ కళ్లు పెద్దవయ్యాయి. కొడుకు వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. ఎడమ చెయ్యి దుప్పట్లోంచి లేచి ముఖం మీదికి వెళ్లింది. గొట్టం పీక్కుంటుందని కోడలు చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని మళ్లీ ఎత్తింది. ఈసారి వేలు పెదవుల మీద ఆగింది. వాళ్లకు అర్థం కాలేదు గాని నాకు అర్థమైంది. చెప్పొద్దంటోంది. ఆమె కళ్లలో ఉన్నది పశ్చాత్తాపం కాదు, భయం. ఇన్నేళ్లూ నన్ను కూడా తన లాంటిదనే అనుకుంటూ ఉంది.

ఆ రోజు పులివెందులలో కూడా పడనంత బాధ ఇప్పుడు పడ్డాను.

“ప్రార్థన సేసి పో అక్కా” అంది కోడలు. లోపలే చేస్తానని చెప్పి స్టూలు మీద కూర్చున్నాను. గరగరమంటున్న ఆమె ఊపిరితో నా ఊపిరి కలిపి, లోపలికి యేసయ్యా, బయటికి కరుణించు అనుకున్నాను. ఎవరిని కరుణించమన్నానో దేవుడికీ చెప్పలేదు. కాసేపటికి ఆ వేలు పెదవుల మీదినుంచి జారి దుప్పటి మీద పడింది.

తిరుగు బస్సులో గ్రూపు నిండా ప్రశ్నలు. మీరు వెళ్లారట కదా, ఎలా ఉంది, ఏమైనా చెప్పిందా అని. ఫోను సంచిలో వేసేశాను. క్షమించావా అని అడిగితే లేదనే అంటాను. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు గాని, నా విషయంలో అది చేసిందల్లా మా ఇద్దరిలో నోరున్నదాన్ని నన్నొక్కదాన్నే మిగిల్చి ఊరుకోవడమే.