దొరకు రెండు యూనిట్లు

గోరిమేడు పెద్దాసుపత్రిలో హేమావతి పదహారేళ్ళుగా ఆయా. ఈ పదహారేళ్ళలో ఎన్ని సూదులు ఉడకబెట్టిందో ఆ దేవుడికే తెలియాలి. గాజు సిరంజీలు పగలకుండా గుడ్డలో చుట్టి, నీళ్ళు తెర్లేదాకా పొయ్యి దగ్గర నిలబడి, ట్రేలో పేర్చి నర్సమ్మల చేతికి ఇచ్చేది. అంతవరకే. సూది పొడవడం ఆయా పని కాదు. ఒకసారి రద్దీగా ఉందని ఒక ముసలాయనకు తానే పొడవబోతే, ఒక నర్సమ్మ చెయ్యి పట్టుకు లాగి, "నీ పని నువ్వు చూడు" అంది. హేమావతి ట్రే అందుకుని పొయ్యి దగ్గరికి పోయింది గానీ ఆ మాట ఆమె కడుపులోంచి ఎన్నటికీ పోలేదు.

ఇల్లు ఇందిరా నగర్లో. భర్త పోయినప్పటినుంచి అన్న వీరరాఘవన్ దగ్గరే ఉంటోంది. ఆయన మిల్లులో మేస్త్రీ. తెల్లారేసరికి నుదుట నామం పడాల్సిందే. పిల్లికి కూడా బిచ్చం పెట్టడని వీధంతా ఆయనకు పేరు. అట్లాంటి మనిషి ఇంట్లో పిల్లిని పెంచడమంటే మాటలా! ఆ పిల్లి కూడా అట్లాంటిదే. ఎర్ర గండుపిల్లి. చేప తప్ప ముట్టదు, పిలిస్తే రాదు. దొర అని పేరు ఊరికే పెట్టలేదు.

1982 ఎండాకాలంలో దొరకు దాహం పట్టుకుంది. ఎన్ని నీళ్ళు పోసినా చాలవు. ఎంత తిన్నా ఎముకలు తేలుతున్నాయి. పెరట్లో వాడు తడిపిన ఇసుకకు చీమలు బారులు తీరాయి. వార్డులో పనిచేసిన మనిషికి ఇంకా వేరే చెప్పాలా? సంచిలో వేసుకుని పశువుల డాక్టరు రామానుజం దగ్గరికి పోయింది.

"ఆవులకు చూస్తా, మేకలకు చూస్తా. పిల్లికి ఇన్సులినా తల్లీ!" అని ఆయన నవ్వాడు. నవ్వినవాడే రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, పొద్దున రెండు యూనిట్లు, సాయంకాలం రెండు అని రాసిచ్చాడు. ఎక్కువైనా, కడుపు ఖాళీగా ఉన్నా ప్రాణం పోతుందని మరీ మరీ చెప్పాడు.

ఇంట్లో ఫ్రిజ్జు లేదు. మందు బుడ్డిని మట్టికుండలో తడి ఇసుక మీద పెట్టింది. దొర కోసం తట్టలో ఇసుకకు బదులు గులకరాళ్ళు పోసి, అడుగున దిగిన మూత్రాన్ని చక్కెర చూసే నీలం మందులో కలిపి కాగబెట్టేది. రంగు ఎర్రగా తిరిగితే ఆమె మొహం వాడిపోయేది. ఆకుపచ్చగా తిరిగిందా, ఇక ఆ రోజు పండగే. మొదటి రోజు సూదిని రెండుసార్లు ఉడకబెట్టింది. మెడ వెనక తోలు పైకెత్తి పొడిచేసరికి దొర కనీసం వెనక్కి తిరిగి చూడలేదు. హేమావతి మాత్రం అరుగు మీద కూలబడి ఏడ్చింది. సంతోషంతోనే లెండి.

ఒక్క విషయంలో ఆమె వార్డు పద్ధతి వదల్లేదు. వార్డులో ముందు సూది, తర్వాత తిండి. మనుషులు గనక నోరు మూసుకుని తినేవాళ్ళు. దొర మనిషి కాడని ఆమెకు తోచలేదు.

అంతలో తమిళులు స్వామి నెలగా చూసే పెరటాసి వచ్చింది. ఆ నెలంతా వీరరాఘవన్ ఇంట్లో నీచు గడప దాటకూడదు. అందుకని పక్కింటి మరగతం తన పెరట్లో చేప వేసేది. సూది వేయించుకుని దొర గోడ దూకి పోయి తిని వచ్చేవాడు. రెండు వారాలు అట్లా గడిచాయి.

మూడో శనివారం ఇంట్లో స్వామికి తళిగ నైవేద్యం. వంటలన్నీ చేసి స్వామికి పెట్టి, బియ్యప్పిండీ బెల్లమూ పిసికిన ముద్దతో ప్రమిద చేసి నెయ్యి దీపం వెలిగించేదాకా ఎవరూ పచ్చి మంచినీళ్ళయినా ముట్టరు. పొద్దున ఆరింటికి దొరకు సూది వేసి గోడవతలికి చూస్తే మరగతం ఇంటికి తాళం. కూతురికి నొప్పులొచ్చాయని కడలూరు పోయిందట. పెరుగన్నం పెడితే దొర వాసన చూసి పక్కకు తిరిగాడు. ఆకలైతే వాడే తింటాడులే అనుకుని హేమావతి వంటలో పడిపోయింది.

పదింటికి దొర నడవలోకి వచ్చాడు. వెనక కాళ్ళు ఈడుస్తున్నాడు. రెండడుగులు వేసి పక్కకు ఒరిగి కొట్టుకోసాగాడు. ఒంట్లో చక్కెర తగ్గిపోయింది! వార్డులో ఎన్నిసార్లు చూడలేదు! చక్కెర డబ్బా గీకితే చిటికెడు రాలేదు. ఇంట్లో ఉన్న బెల్లమంతా పొంగలిలోకీ, పిండి దీపంలోకీ పోయింది. పొంగలి ఇంకా పొయ్యి మీద కుతకుతలాడుతోంది. స్వామి ముందర పిండి దీపం ఉంది. వీరరాఘవన్ నేతి వత్తి నలుపుతూ పొంగలి కోసం చూస్తున్నాడు.

హేమావతి చెయ్యి చాచి దీపం అంచు విరిచేసింది.

"ఏందే ఇది! ఏం చేస్తా ఉండావు?"

ఆమె పిండిని అరచేతిలో నీళ్ళతో మెదిపి దొర చిగుళ్ళకు రాస్తోంది.

"స్వామికి చూపించకముందే పిల్లికా! అపచారం గదే!"

"స్వామి కాసేపు ఆగుతాడులే అన్నా. వీడు ఆగడు."

పావుగంట రాసింది. చివరికి దొర నాలుక కదిలింది. వాడు ఆమె వేలిని నాకాడు. వెనక వీరరాఘవన్ విరిగిన అంచును బొటనవేలితో అదిమి సరిచేసి, దీపం వెలిగించి, పెరటాసి ముగిసేదాకా చెల్లెలితో మాట్లాడలేదు. ఆ మర్నాటినుంచి ఆమె పద్ధతి మారింది. దొర తిన్నాకే సూది.

దొర మరో ఏడాదిన్నర బతికాడు. వాడు పోయిన కొన్నాళ్ళకే వీరరాఘవన్ స్నానాలగదికి చీమలు పట్టాయి. ఎవరి కర్మ ఎవరు తప్పిస్తారు! డాక్టరు సూది రాసిచ్చాడు. వీధి చివర కాంపౌండరు ఉన్నాడు కదా అని హేమావతి అంటే, "వాడెందుకు? నువ్వు లేవా?" అని ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆమె చేత్తో సూది వేయించుకున్న మొదటి మనిషి సొంత అన్నే.

ఆ ఏడు పెరటాసి శనివారం పొద్దున ఆమె ఆయన ముందర నాలుగిడ్లీలు పెట్టింది.

"తళిగ కాకముందే యాడన్నా తింటారా ఏందే?"

"తినకుంటే సూది లేదు అన్నా."

ఆయన స్వామి పటం వంక చూశాడు. ఆమె వంక చూశాడు. తల వంచుకుని తిన్నాడు. సూది వేయించుకుని, చేతులు కడుక్కుని దీపానికి పిండి పిసకడానికి కూర్చున్నాడు. ప్రమిద చేసే ముందు నిమ్మకాయంత ముద్ద తీసి గిన్నెలో పెట్టి ఆమె వైపు జరిపాడు.

"ముందే తీసిపెట్టినా. ఈసారి నువ్వు దీపం విరిచే పన్లేదు."