మోల్డికి గోరువెచ్చని నీళ్లు

గున్వోర్ ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల గుర్రం పొట్టకు చెవి ఆనించి వింటుంది. మనుషుల పలకరింపులన్నీ ఆ తర్వాతే.

గుర్రం పొట్ట ఎప్పుడూ గుడగుడలాడుతూ ఉండాలి. చప్పుడు ఆగిందంటే పేగు పట్టేస్తోందని అర్థం. ఆ నొప్పి ముదిరితే గుర్రం దక్కదు. మా ఐస్‌లాండ్ లోయలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. అయినా తెలిసినవాళ్లెవరూ పెళ్లి ఊరేగింపును నడిదారిలో ఆపి, పెళ్లికూతురు ఎక్కిన గుర్రం పొట్టకిందికి తల దూర్చరు. గున్వోర్ దూర్చింది.

"కాసేపు నోళ్లు మూసుకోండి. ఏమీ వినబడి చావడం లేదు!"

పాస్టర్‌గారు నిర్ఘాంతపోయారు. చర్చిలో ఆర్గన్ వాయించేది ఆవిడే కాబట్టి పైకి ఏమీ అనలేకపోయారు.

నా పుట్టినరోజుకీ వచ్చింది. శుభాకాంక్షలు చెప్పడానికి ముందు నా గుర్రం స్కుగ్గి కాలెత్తి గిట్ట వాసన చూసింది.

"కుళ్లు కంపు. పాకలో తడి గడ్డి ఎప్పుడు తీశావు?"

"మొన్ననే గున్వోర్."

"ఏ మొన్న? క్రిస్మస్‌కి ముందు మొన్నా?"

తర్వాత దాని పంటి చిగురు మీద బొటనవేలు నొక్కి, తెల్లబడినచోట ఎరుపు ఎంత త్వరగా తిరిగొస్తుందో చూసింది. తృప్తిపడింది. అదే బొటనవేలితో నా కేకులో పెద్దముక్క విరుచుకుంది. ఆ కేకును ఆ రోజు ఇంకెవరూ ముట్టుకోలేదు.

ఆ చలికాలంలోనే ఇల్లుగి భార్య థోర్డిస్ పోయింది. మా గాయకబృందంలో మంద్రస్వరం ఇల్లుగిదే. గొంతు విప్పితే చర్చి కిటికీలు అదిరేవి. ఆ మనిషి పాట మానేశాడు, తిండి మానేశాడు, కోటు వేసిన కొయ్యలా అయిపోయాడు. నేను చారు పట్టుకెళితే "నేను బాగానే ఉన్నాను" అని చారునీ నన్నూ బయటే ఉంచి తలుపు వేశాడు. మా లోయలో మగాడు ఆ మాట అన్నాక మళ్లీ అడగడం మర్యాద కాదు. అందుకని మర్యాదగా, అందరం కలిసి, అతను చిక్కిపోవడం చూస్తూ ఉన్నాం.

అతనికి మిగిలింది థోర్డిస్ గుర్రం మోల్డి ఒక్కటే. ఒకనాడు గున్వోర్ తలుపు జోలికి పోకుండా తిన్నగా పాకలోకి నడిచింది. వెనకే ఇల్లుగి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా, దీని పొట్టలో చప్పుడు సగమైనా లేదు!"

ఇల్లుగి మొహం పాలిపోయింది. "ఏం చెయ్యమంటావు? చెప్పు, ఏదైనా చేస్తాను."

"రోజూ చర్చిదాకా నడిపించి తీసుకురా. ఎక్కకు, పక్కన నడువు. దారిలో ప్రతి ఇంటి దగ్గరా గోరువెచ్చని నీళ్లు పట్టించు. చన్నీళ్లయితే సరిగా తాగదు. తాగకపోతే పేగులో మేత గట్టిపడుతుంది."

గోరువెచ్చని నీళ్లు ఊరికే రావు. ఎవరో పొయ్యిమీద పెట్టాలి. అవి వేడెక్కేదాకా ఇల్లుగి వంటింట్లో కూర్చోవాలి. కూర్చున్నవాడి ముందు కాఫీ పెట్టకపోతే ఆ ఇంటి పరువు పోతుంది. కాఫీ పక్కన పొగబెట్టిన గొర్రెమాంసం, రొట్టె తమంతట తామే వచ్చేవి. ఎలాగూ నీళ్లు కాగాలిగదా అని ఇల్లుగి నమిలేవాడు. మేమంతా గుర్రం ప్రాణం కోసం వణికిపోతూ కావాలనే మంట తగ్గించి, నీళ్లు మెల్లగా కాచేవాళ్లం. వేసవి గడిచేసరికి మోల్డి నడుం సన్నబడింది, ఇల్లుగి కోటు గుండీలు పట్టడం మానేశాయి.

సెప్టెంబరులో గొర్రెల్ని కొండల మీంచి దించి, గుండ్రటి రాతిదొడ్డిలో చెవిగుర్తులు చూసి ఎవరివి వాళ్లకు పంచాం. పశువుల డాక్టర్ హాల్ఫ్రెడ్ కూడా వచ్చాడు. మోల్డిని తలనుంచి తోకదాకా పరీక్షించాడు.

"దీనికి రోగమేమిటి? నాకన్నా బాగుంది."

"జబ్బు నయమైందన్నమాట!" అన్నాను.

"జబ్బుంటేగా నయమవడానికి? అవునూ, నీళ్లు కాచి పట్టించేది గడ్డకట్టే చలికే గదా, జూలైలో కూడా పట్టించారటగా?"

గుర్రం పొట్ట విషయంలో గున్వోర్ అబద్ధమాడటమా! ఆర్గన్ తనంతట తాను మోగినా ఇంత నిర్ఘాంతపోయేవాళ్లం కాదు.

ఇల్లుగి గొర్రెల్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "నాతో అబద్ధం చెప్పావా గున్వోర్?"

"చెప్పాను. గుర్రం పొట్ట బాగాలేదంటే పరుగెత్తుకొచ్చావు. నీ పొట్ట బాగాలేదంటే తలుపు వేసేవాడివి." అని ఊరుకుందా? అందరి ఎదుటా వంగి, ఇల్లుగి పొట్టకు చెవి ఆనించింది. పాస్టర్‌గారు కళ్లు మూసుకున్నారు.

"ఆఁ, బ్రహ్మాండంగా మోగుతోంది. ఇక పాడు. మంద్రస్వరం లేక ఇన్నాళ్లూ నా ఆర్గన్ పరువు తీస్తున్నావు."

ఇల్లుగి ఆవిడవంక, మోల్డివంక మార్చి మార్చి చూశాడు. గోడెక్కి కూర్చుని గొంతు సవరించుకున్నాడు. మొదటి చరణం కొంచెం బొంగురుపోయింది. రెండో దానికి గొర్రెలు బెదిరిపోయాయి.

మోల్డికి మాత్రం ఈ రోగం ఇంకా కుదరలేదు. ఇప్పటికీ ప్రతి ఇంటి గేటు ముందూ ఆగి, బకెట్ వచ్చేదాకా కదలనని మొరాయిస్తుంది.

"ఏం చెయ్యను చెప్పండి, గుర్రం ఆగిపోయింది" అంటూ ఇల్లుగి గుమ్మంలో బూట్లు విప్పుతాడు.