నీళ్లు తాగమని చెప్పేవాళ్లు

నీళ్లు తాగమని ఎవరైనా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. దాహం వేస్తే తాగాలని గొడ్డుకీ తెలుసు, నాకు తెలియదా? అయినా చెబుతూనే ఉంటారు. మా ఆయన చెబుతాడు. ఎదురింటి వదినగారు చెబుతుంది. ఫోన్ తెరిస్తే ఎవడో చువ్వలాంటి కుర్రాడు చెబుతాడు. పరగడుపున ఇన్ని తాగు, అన్నానికి ముందు ఇన్ని తాగు, కొవ్వంతా కరిగిపోతుంది అంటారు. లావుగా ఉన్న ఆడది కనబడితే చాలు, ప్రతివాడూ డాక్టరే. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు.

నేను లావుగానే ఉంటాను, దాచేదేం లేదు. తెనాలిలో కాపురం, రేపల్లెలో ఉద్యోగం. ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తాను. పొద్దున ప్యాసింజర్ ఎక్కి వెళ్లి సాయంత్రం బండికి తిరిగొస్తాను. మా పెట్టెలో రోజూ ఎక్కే ఆడవాళ్లం కొందరం ఉన్నాం. ఇంట్లో కాఫీ తాగి బయల్దేరితే, మళ్లీ ఇంటికొచ్చి చెప్పులు విడిచేదాకా మేము నీళ్లు తాగం. సంచీలో సీసా ఉన్నా అది చెయ్యి కడుక్కోవడానికే. మరీ నోరెండితే ఒక గుక్క పుక్కిలించి కిటికీలోంచి ఊసేస్తాం. బుగ్గన ఏలక్కాయ పెట్టుకుంటే దాహం తెలియదని మాలో ఒకావిడ కనిపెట్టింది. కొత్తగా ఉద్యోగంలో చేరి బండెక్కిన పిల్లకి ముందు నేర్పే విద్య ఇదే. ఎందుకని ఆ పిల్ల అడగదు. ఆడదైతే అడగక్కర్లేదు, మగవాడైతే తట్టదు.

సాయంత్రం తెనాలిలో దిగేసరికి కడుపులో తోడేస్తున్నట్టు ఉండేది. అది ఆకలే అనుకునేదాన్ని. స్టేషన్ బయట బండి దగ్గర నిలబడి ఒక ప్లేటు పునుగులు తిని, దానిమీద చల్లగా ఒక కూల్ డ్రింకు తాగి, ఇంటికెళ్లి మళ్లీ అన్నం తినేదాన్ని. తలనొప్పి సరేసరి. ఏళ్ల తరబడి ఇలా గడిస్తే ఒళ్లు రాక ఇంకేం వస్తుంది?

మా ఓనరు ఒకప్పుడు నాకంటే లావు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ బల్లకి ఆనించాల్సి వచ్చేది. షుగర్ వచ్చిందని తెలిసి హడలిపోయి పొద్దున్నే నడక మొదలుపెట్టాడు. రాత్రిపూట అన్నం మానేశాడు. స్వీటు ముట్టుకోవడం మానేశాడు. పొట్ట తగ్గింది. ఇంతా చేసి, అది నీళ్లు తాగడం వల్లే తగ్గిందని తేల్చాడు. పాపం ఆ నడకనీ, మానేసిన అన్నాన్నీ తలిచిన వాళ్లు లేరు. ఇక చూడండి. ధాన్యం అమ్మడానికి చెరుకుపల్లి నుంచి వచ్చిన రైతుకి రేటు చెప్పకముందే నీళ్ల మహత్యం చెప్పేవాడు. ఆఫీసులో ఓ మూల స్టాండు వేయించి నీళ్ల క్యాను పెట్టించాడు. ఉగాదికి మాకందరికీ పెద్ద పెద్ద ప్లాస్టిక్ సీసాలు పంచాడు. వాటిమీద గీతలు, ఏ గంటకి ఏ గీతదాకా ఖాళీ చెయ్యాలో అచ్చువేసి ఉంది.

"అమ్మా, నువ్వు కనక దీన్ని రోజూ ఖాళీ చేశావనుకో, ఆర్నెల్లు తిరిగేసరికి మీ ఆయనే నిన్ను గుర్తుపట్టడు," అన్నాడు అందరి ముందూ. బస్తాలు మోసే హమాలీలు కూడా నవ్వారు. నేను సీసా తీసుకుని బల్లమీద పెట్టేశాను. థాంక్స్ కూడా చెప్పలేదు.

ఇంతకీ మా మిల్లులో బాత్రూములు రెండు. ఒకటి వెనక, ఊక పోసే చోటు పక్కన, హమాలీలది. దానికి తలుపుంది గానీ గడియ లేదు. రెండోది ఆఫీసుని ఆనుకుని ఉంటుంది. టైల్స్ వేయించి, అద్దం పెట్టించి, పెద్దమనుషులెవరైనా వస్తే ఉంటుందని కట్టించాడు. దానికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి ఓనరు కుర్చీ వెనక, ఆయన తలకి కాస్త పైన, మేకుకి వేలాడుతుంది. మమ్మల్ని వాడొద్దని ఎవరూ అనలేదు. అడిగి తీసుకోవాలి, అంతే.

ఓనరు గదిలో ఎప్పుడూ నలుగురైదుగురు రైతులు, ఒకరిద్దరు బ్రోకర్లు కూర్చుని ఉంటారు. చేరిన కొత్తలో ఒకసారి వెళ్లి నిలబడ్డాను. "ఏంటమ్మా?" అన్నాడు. నేను మేకు వైపు చూశాను. "ఓ, బాత్రూమా!" అని వీధిలోకి వినబడేలా అన్నాడు. రైతులు మాటలు ఆపేసి నేలచూపులు చూశారు. తాళంచెవి తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు అందరూ నా వంకే చూశారు. ఆ తర్వాత నేను అడగలేదు. ఏలక్కాయలు కొనుక్కున్నాను.

నా పక్క బల్ల దగ్గర కంప్యూటర్‌లో బిల్లులు కొట్టే అమ్మాయి ఉంది. పుట్టిల్లు బాపట్ల. నాన్న సూర్యలంకలో చేపల వేటకెళ్తాడు, అమ్మ బాపట్ల మార్కెట్లో చేపలమ్ముతుంది. రేపల్లె సంబంధం చేశారు, అల్లుడిదీ పడవ పనే. నోట్లో నాలుక లేని పిల్ల. పెళ్లయిన ఏడాదికి నీళ్లోసుకుంది. ఇక చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే పాట. అత్తగారు నీళ్లు తాగమంటుంది, ఓనరు నీళ్లు తాగమంటాడు. ఆ పిల్ల బుద్ధిగా తలూపి, గీతల సీసా నింపి బల్లమీద పెట్టుకునేది. సాయంత్రం ఇంటికెళ్లేముందు ఆ నీళ్లని కిటికీ బయట మందారం మొక్కకి పోసేది. మందారం మాత్రం ఏపుగా పెరిగింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టింది. బయట నిప్పులు కురుస్తుంటే ఒళ్లంతా చలి. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ పరీక్షలు చూసి కేకలేసింది. "ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకిందమ్మా. ఏడో నెల. మళ్లీ ఇలా తెచ్చుకుంటే నెలలు నిండకుండానే నొప్పులొస్తాయి, బిడ్డ దక్కడం కష్టం. నీళ్లెందుకు తాగట్లేదు? వచ్చినప్పుడు వెళ్లకుండా ఆపుకోవడమేంటి?"

"మర్చిపోతున్నానండి," అంది ఆ పిల్ల.

మర్చిపోతోందట! ఒళ్లు కాలిపోతూ కూడా అబద్ధమాడాల్సిన సిగ్గు ఎవరు నేర్పారు ఈ పిల్లకి? అత్తగారు వచ్చి, "నీళ్లు తాగడానికి కూడా బద్ధకమైతే ఇంకేం చెప్తామండీ," అని నాతో అంది. సాయంత్రం ఓనరు కొబ్బరి బోండాలు పట్టుకుని దిగాడు. "నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తూనే ఉన్నా గదా! మీరు వింటేనా?" అన్నాడు. ఆ బోండాం ఆయన నెత్తిమీద వెయ్యకుండా నన్ను ఆపింది నా ఉద్యోగం ఒక్కటే.

జ్వరం తగ్గాక ఆ పిల్ల మళ్లీ పనిలోకి వచ్చింది. మొహంలో రక్తం చుక్క లేదు. కాన్పయ్యేదాకా మానెయ్యరాదా అన్నాను.

"ఎండాకాలమని గవర్నమెంటోళ్లు వేట ఆపేశారు గదక్కా. ఆయన మళ్లీ సముద్రం మీదకి వెళ్లేదాకా ఇల్లు నా జీతం మీదే నడవాలి," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మళ్లీ జ్వరమొస్తే బిడ్డకి ఏమన్నా అవుద్దేమోనని నిద్ర పట్టట్లేదక్కా," అంది.

ఉద్యోగం మానడానికి లేదు, నీళ్లు మానడానికి లేదు. మధ్యలో అడ్డం ఆ మేకు. నాకు పట్టరాని కోపం వచ్చింది. "రేపట్నుంచి ఓనరు చెప్పినట్టే చేద్దాం. గీత తప్పకుండా తాగుదాం," అన్నాను.

మర్నాడు తెనాలి స్టేషన్లో బండెక్కకముందే కడుపునిండా నీళ్లు తాగాను. మా పెట్టెలో ఆడవాళ్లు నాకు మతిపోయిందనుకున్నారు. ఆఫీసుకి వెళ్లగానే ఓనరు కళ్లెదురుగా సీసా నింపుకున్నాను. ఆయన మురిసిపోయి, "శభాష్!" అన్నాడు. కాసేపటికి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాను. రైతులు నిండుగా ఉన్నారు.

"బాత్రూం తాళంచెవి ఇప్పించండి," అన్నాను, ఆయన గొంతు ఎంత పెద్దదో నాదీ అంత పెద్దది చేసి.

ఇచ్చాడు. రెండో గీత అయ్యాక మళ్లీ వెళ్లాం. ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఆయన నవ్వు పోయింది. బ్రోకరుతో రేటు తెగుతున్న సమయంలో వెళ్లాం. గుంటూరు నుంచి వచ్చిన వ్యాపారి టీ తాగుతున్నప్పుడు వెళ్లాం. నాకు సిగ్గు లేదా అంటే, ఉంది. చెవులు కాలిపోయేవి. కానీ కోపం ముందు సిగ్గెంతసేపు నిలుస్తుంది?

"ఏంటమ్మా ఇది, రోజుకి ఎన్నిసార్లు?" అన్నాడు చివరికి.

"మీ సీసా మీద ఎన్ని గీతలుంటే అన్నిసార్లండి."

మూలన కూర్చున్న ముసలి రైతు ఒకాయన, "ఆడకూతుళ్లని అన్నిసార్లు అడిగించుకోవడమేంటి బాబూ, ఆ తాళంచెవేదో వాళ్లకే ఇచ్చెయ్యరాదా?" అన్నాడు. ఓనరు, "అంటే... గెస్టులొస్తుంటారు గదండీ," అని నీళ్లు నమిలాడు. పోనీ వెనక బాత్రూముకి గడియ పెట్టించమన్నాను. చూద్దాంలే అన్నాడు. ఇన్ని టన్నుల ధాన్యం ఆడించే మనిషికి ఒక గడియ బిగించే తీరిక దొరకలేదు.

ఇష్టం లేకపోయినా ఒక మాట ఒప్పుకోవాలి. వారం తిరిగేసరికి నా తలనొప్పి పోయింది. సాయంత్రం తెనాలిలో దిగితే కడుపులో ఆ తోడేయడం లేదు. పునుగుల బండి పక్కనుంచే నడిచి ఇంటికెళ్లాను. ఇన్నేళ్లూ నేను ఆకలి అనుకున్నదాంట్లో సగం దాహమేనని అప్పుడు అర్థమైంది. కొన్నాళ్లకి జాకెట్లు కాస్త వదులయ్యాయి. నీళ్లు కొవ్వుని కరిగించలేదు. ఒక ప్లేటు పునుగుల్నీ ఒక కూల్ డ్రింకునీ తప్పించాయి, అంతే. ఆ మాత్రానికే మా ఆయన, "చూశావా, నేను చెప్పలా?" అన్నాడు. ఆ పూట ఆయనకి కూరలో ఉప్పు వెయ్యలేదు.

తర్వాత ఒక సోమవారం పొద్దున వెళ్లేసరికి నీళ్ల క్యాను లేదు. స్టాండు ఖాళీగా ఉంది. నేను అడక్కముందే ఓనరు అందుకున్నాడు. "నీళ్లు మరీ ఎక్కువ తాగినా కిడ్నీల మీద భారమంటమ్మా. ఎక్కడో చదివాను."

ఆడవాళ్లకి ఒక తాళంచెవి ఇవ్వడం కంటే, ఇన్నాళ్లూ నమ్మిన సిద్ధాంతాన్ని మార్చుకోవడం ఆయనకి తేలికైంది. ఆ రోజు నేను ఉద్యోగం మానేసి ఇంటికి పోదామనే అనుకున్నాను.

ఆ పిల్ల మాత్రం మర్నాడు ఇంటినుంచి పెద్ద సీసాతో నీళ్లు తెచ్చుకుంది. తాగింది. లేచి, నన్ను పిలవకుండా, ఒక్కతే ఓనరు గదిలోకి వెళ్లింది. నేను కంగారుగా వెనకాలే వెళ్లాను.

"కొంచెం జరగండి సార్," అంది.

ఎందుకో తెలియక ఆయన కుర్చీ పక్కకి లాక్కున్నాడు. పొట్ట బల్ల అంచుకి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ పిల్ల గోడ దాకా వెళ్లి మేకు మీది తాళంచెవి తీసుకుంది. బాత్రూముకి వెళ్లొచ్చి, దాన్ని తన హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగింది. "గెస్టులొస్తే నన్ను అడగమనండి సార్, ఇస్తాను," అని వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది.

గదిలో రైతులందరూ ఓనరు వంక చూశారు. ఈసారి నేలచూపులు చూసింది ఆయన. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. పదిరోజులకి క్యాను కూడా తిరిగొచ్చింది. "మా ఆఫీసులో ఆడాళ్లకి నీళ్లు తాగే అలవాటు నేనే చేశానండీ," అని ఆయన ఇప్పుడు వచ్చినవాళ్లకల్లా చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ.

ఆ పిల్ల పురిటికి బాపట్ల వెళ్లింది. జ్వరం మళ్లీ రాలేదు. నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది. ఆదివారం తెనాలిలో రైలెక్కి చూడ్డానికి వెళ్లాను. వార్డులో మంచానికీ మంచానికీ మధ్య బంధువులు, ఆడా మగా కిక్కిరిసి ఉన్నారు. బిడ్డ గుప్పిళ్లు బిగించి నిద్రపోతోంది. ఆ పిల్ల తల్లి చిన్న గ్లాసులో సగానికి నీళ్లు పోసి కూతురికి అందించింది.

"గొంతు తడుపుకో చాలు. బాలింత ఎక్కువ తాగితే పొట్ట కుండలా అయిపోద్ది," అంది.

ఒకళ్లేమో తాగితే పొట్ట తగ్గుతుందంటారు, ఒకళ్లేమో తాగితే పొట్ట వస్తుందంటారు. ఆడదాని కడుపులోకి పోయే నీళ్ల మీద ఊరందరికీ హక్కే. "బిడ్డకి పాలు పడాలంటే తాగాలండీ," అని నేనే గ్లాసు నిండా పోసి ఆ పిల్ల చేతికిచ్చాను. తల్లి ఏమనుకుందో గానీ అడ్డు చెప్పలేదు.

ఆ పిల్ల పెదాలు ఎండి పొక్కులు కట్టి ఉన్నాయి. అయినా గ్లాసు నోటిదాకా ఎత్తలేదు. వార్డంతా ఒకసారి కలయజూసింది. తర్వాత నన్ను దగ్గరికి వంగమని చెవిలో అడిగింది.

"అక్కా, ఇక్కడ బాత్రూం ఎక్కడుంది?"

ఓనరు తలమీది తాళంచెవి తీసుకున్న పిల్ల. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. లేచి వరండా చివరిదాకా వెళ్లాను. తలుపు తోశాను, గడియ వేసి చూశాను, కుళాయి తిప్పి చూశాను. వెనక్కి వచ్చి, దగ్గర్లోనే ఉందనీ, గడియ పడుతోందనీ, తాళం లేదనీ చెప్పాను.

అప్పుడు తాగింది.