పేలని ఉప్పు

ఆ రోజుల్లో, తమిళం నడుమ తెలుగు మాట్లాడుకొనే మా కదిర్కామంలో మందు వేరు, తిండి వేరు. మందు గోరిమేడు పెద్దాసుపత్రి నుంచి రావాలి, తిండి వంటింట్లోంచి రావాలి. రెండూ ఒకే పొట్లంలో వస్తాయని ఎవరైనా అంటే ఆ పొట్లాన్నీ, అన్న మనిషినీ కలిపి అనుమానంగా చూసేవాళ్ళు. అలాంటి చూపులు కడుపునిండా తిన్న మనిషిని నేను. ఎనభైల నడుమ, ఇరవై రెండేళ్ళ వయసులో, భుజాన గుడ్డసంచీ, చంకలో బొమ్మల అట్టలు, నోటినిండా అయొడిన్ అనే మాట పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య ప్రచార ఉద్యోగం నాది. అదీ ఆరు నెలల తాత్కాలికం. "నీ వీధినే నీకిస్తున్నాను. ఆరు నెలల్లో ఆ ఒక్క వీధిని అయొడిన్ ఉప్పుకి మార్చు, నిన్ను ఉద్యోగంలో నిలబెట్టే పూచీ నాది. లేదంటే నేనేం చెయ్యలేను" అంది మా మేడమ్. నా వీధే కదా, నన్ను ఎత్తుకొని పెంచినవాళ్ళే కదా, ఆరు నెలలెందుకు, ఆరు రోజులు చాలుననుకున్నాను. (ఆ వయసులో నాకు తెలియనిది ఏదీ ఉండేది కాదు.)

మొదటి రోజే ఎదురింటి రేడియో పిన్నమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె చెవిన పడిన మాట పాలవాడికంటే ముందు వీధంతా తిరిగొచ్చేది కాబట్టి ఆ పేరు. అయొడిన్ చాలకపోతే గొంతు దగ్గర ఇలా వాస్తుందని, కడుపులో బిడ్డకూ మంచిది కాదని, రోజూ కూరలో వేసే ఉప్పులోనే దానికి విరుగుడు ఉందని బొమ్మ చూపించి గడగడా అప్పజెప్పాను. ఆమె అంతా విని ముక్కుమీద వేలేసుకుంది.

"ఏందిమే ఇది! పక్కనే అంత సముద్రం పెట్టుకోనుండే మాకు ఉప్పు నేర్పిచ్చేదానికి వచ్చినావా?"

అంటూనే గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "పెండ్లి కానిదానివి, నీతో అనకూడదు. ఆ పొట్లం ఉప్పులో పిల్లలు పుట్టకుండా మందు కలిపిండారంట. మనకి చెప్పకుండా కలిపిండారు చూడు, ఆడనే ఉండాది మర్మం."

"ఎవరు చెప్పినారు పిన్నమ్మా?"

"అందరూ చెప్తావుండారే!"

ఆ అందరికీ చెప్పిందెవరో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నాలుగిళ్ళు తిరిగేసరికి నాలుగు చోట్లా అదే మాట, దాంతోపాటు ఒక ప్రశ్న. "ముందు మీ ఇంట్లో తింటావుండారా?" అక్కడ నేను బొమ్మల అట్టలు సర్దుకొనేదాన్ని. ఎందుకంటే మా ఇంట్లో వంటిల్లు మా అవ్వ చేతిలో ఉండేది. మిల్లు డ్యూటీ నుంచి వచ్చే మా నాన్న కూడా ఆమె అనుమతి లేకుండా మజ్జిగలో ఉప్పు వేసుకొనేవాడు కాదు. పైగా మా వదిన కాపురానికొచ్చి నాలుగేళ్ళయినా ఇంట్లో ఊయల కట్టలేదు. నేను పొట్లం చేతపట్టుకొని వంటింటి గడప దగ్గర నిలబడితే అవ్వ చూపుడు వేలెత్తి, "ఆ ఉప్పు ఈ ఇంట్లోకి వచ్చిందంటే నేను కిరుమాంబాక్కం పోయి నా తమ్ముడింట్లో ఉంటాను" అంది. వదిన నా వంక జాలిగా చూసింది. ఆ జాలి నా మీదో, ఆ తమ్ముడి మీదో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. మా ఇంట్లో వారానికొకసారి కల్లుప్పు ఎండబెట్టి, రోట్లో దంచి పొడి చేసే పని నాదే. పెద్ద జాడీలో కల్లుప్పు, చిన్న జాడీలో పొడి. కూరకీ చారుకీ చిన్న జాడీయే. ఒక ఆదివారం పెరట్లో ఎవరూ లేనిది చూసి, దంచాల్సిన కల్లుప్పును మళ్ళీ పెద్ద జాడీలో పోసి, చిన్న జాడీలో అయొడిన్ ఉప్పు పొట్లం కుమ్మరించాను. దంచిన చప్పుడు వినబడకపోతే అవ్వ లేచి వస్తుందని వట్టి రోలును పావుగంట సేపు దంచాను. గడువు దగ్గరపడ్డాక, "చూశారా, మా ఇంట్లో అందరూ తిన్నారు, ఎవరికేమైంది?" అని వీధి నడుమ నిలబడి అడగాలని నా ఎత్తు. ప్రతి ఆదివారం చెమటలు కారేలా వట్టి రోలు దంచేదాన్ని. పెద్ద జాడీ ఎంతకీ తరగకపోవడం చూసి అవ్వ, "ఉప్పులో లక్ష్మి నిలిచింది" అని జాడీకి బొట్టు పెట్టింది. నాకు నవ్వు ఆగక బావి దగ్గరికి పరుగెత్తాను.

నాలుగు నెలలు గడిచాయి. వీధిలో ఒక్క ఇల్లు మారలేదు. ఉద్యోగం మీద ఆశ వదులుకొని, రాత్రుళ్ళు దిండులో మొహం దాచుకొని ఏడ్చిన మాట నిజం. ఆ నాలుగు నెలల్లోనే ఇంట్లో మా వదిన నెల తప్పింది. మూడో నెల నిండాక, ఒక శుక్రవారం సాయంత్రం అవ్వ సంగతి బయటపెట్టింది. వీధిలో ఆడవాళ్ళంతా మా ఇంటి ముందు తిన్నె మీదికి చేరారు. ఇంతమంది కళ్ళు పడితే దిష్టి తీయకుండా ఉంటుందా? అవ్వ కుంపట్లో నిప్పులు రాజేసి, ఉప్పు తెమ్మంది. దిష్టికి కల్లుప్పే కావాలి. కానీ ఆ వారమే మామిడికాయ ఊరగాయ పెట్టి పెద్ద జాడీ ఖాళీ చేశారు. "సరి, పొడుప్పే తే. మన కల్లుప్పు దంచిందే కదా" అంది అవ్వ. నేను చిన్న జాడీ తెచ్చి అవ్వ ముందు పెట్టి, వదిన వెనక్కి జరిగాను.

అవ్వ గుప్పెడు ఉప్పు, రెండు ఎండుమిరపకాయలు వదిన చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. అందరూ చెవులు రిక్కించారు. కల్లుప్పు చిటపటా పేలాలి. ఎంత పేలితే అంత దిష్టి పోయినట్టు. మిరపకాయలు పొగ లేపాయి. ఉప్పు మాత్రం నోరు విప్పలేదు.

"ఏంది ఇది? ఉప్పు పేలలేదే!" అవ్వ జాడీలో వేలుపెట్టి రెండు వేళ్ళ మధ్య నలిపింది. "ఇది దంచింది కాదు. యాడిదిమే ఈ ఉప్పు?"

దగ్గుల మధ్య నేను నిజం చెప్పేశాను.

"ఎన్నాళ్ళ నించి?"

"నాలుగు నెలల నించి అవ్వా."

రేడియో పిన్నమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది. వదిన కడుపు వంక చూసింది. "ఉప్పేమో నాలుగు నెలలు. బిడ్డేమో మూడు నెలలు. అంటే... ఆ ఉప్పు తినినాకనే!"

అంతే! నా బొమ్మల అట్టలు నాలుగు నెలల్లో చేయలేని పని పిన్నమ్మ వేళ్ళు ఒక్క నిమిషంలో చేశాయి. మర్నాటికి వీధిలో మారని ఇల్లు లేదు. బజారులో మా తెలుగు శెట్టిగారి అంగట్లో ఆ ఉప్పు నిండుకుంది. వారం తిరిగేసరికి మరో పుకారు పుట్టింది, ఆ ఉప్పు తింటే పిల్లలు పుడతారని! నేను మళ్ళీ సంచీ తగిలించుకొని, "అమ్మా, ఇది పిల్లల్ని ఆపదు, ఇవ్వదు, గొంతువాపు రాకుండా చూస్తుందంతే" అని మొత్తుకున్నాను. "ఆమామా, అవును, నువ్వట్లే చెప్పాల" అని కన్ను గీటేవాళ్ళు. ఉద్యోగం నిలబడింది. ఏం చెప్పి మార్చావని మేడమ్ అడిగితే, "బొమ్మలు చూపించాను మేడమ్" అన్నాను, సిగ్గులేకుండా.

గెలిచాననే గర్వంతో గాల్లో తేలుతున్న నన్ను అవ్వ ఒక్కతే నేలకు దించింది. "మంచిదే కలిపినావు. నాకు చెప్పి కలిపుంటే?"

"చెప్పుంటే వద్దనేదానివి కదవ్వా!"

"అంటాను. వద్దనేదానికైనా నాకు చెప్పాల గదా. చెప్పకుండా కలిపిండారని ఊరంతా భయపడినారే, ఆ పని చేసింది గౌర్మెంటు కాదు, నువ్వు." కొంగుతో చేతులు తుడుచుకొని, "రేపు పొట్లం తెచ్చి నా కండ్ల ముందర పొయ్యి. పాపం, ఆ రోలు ఏం తప్పు చేసింది?" అంది. దిష్టికి మాత్రం చివరిదాకా కల్లుప్పే.

ఇప్పుడు నాది అవ్వ వయసు. (బడిలో తమిళమే చదివిన మాకు తెలుగు నోటికే గాని కంటికి తెలియదు. ఈ అక్షరాలు రిటైరయ్యాక నేర్చుకున్నవి.) మొన్న చేటలో బియ్యం పోసుకొని, తేడాగా ఉన్న గింజల్ని ప్లాస్టిక్కేమోనని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాను. వదిన కూతురు, అదే, ఆ రోజు కడుపులో ఉన్న పిల్ల, నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది. "అత్తా! అవి ఇనుము, విటమిన్లు కలిపిన గింజలు. తెచ్చిన రోజే నీకు చెప్పినాను గదా!"

చెప్పింది. నా కంటే బుద్ధిమంతురాలు. నవ్వుకుంటూ ఏరినవన్నీ మళ్ళీ బియ్యంలో కలిపాను. ఒక్క గింజను మాత్రం, అది అటు తిరగ్గానే, గ్యాసు మంటలో వేసి చెవి ఒగ్గాను. పేలలేదు. సరే, మంచిదే అయ్యుంటుందనుకొని బియ్యం కడిగి ఎసట్లో పోశాను.